పేరు దాస్తే ఆడపిల్లకే నష్టం

హోసూరు, కృష్ణగిరి తెలుగు ఇళ్లలో ఒక మాట తిరుగుతోంది. డుషేన్ కండరాల జబ్బున్న పిల్లవాడి వివరాలు రిజిస్ట్రీలో, అంటే పరిశోధన కోసం ఉంచే రోగుల జాబితాలో, రాయిస్తే ఊరంతా తెలిసిపోతుందట, అక్కచెల్లెళ్లకు సంబంధాలు రావట. బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రి దాకా వెళ్లి జన్యు పరీక్ష చేయించినవాళ్లు కూడా ఈ భయంతో అంగీకార పత్రం దగ్గర వెనక్కి తగ్గుతున్నారు.

రిజిస్ట్రీ పెళ్లిళ్ల పేరయ్య చేతికి దొరికే పుస్తకం కాదు. పద్ధతిగా నడిచేచోట పేరు, ఫోన్ నంబరు విడిగా భద్రంగా ఉంటాయి. పరిశోధకులకు వెళ్లేవి కోడ్ నంబరు, జన్యులోపం ఎక్కడుంది, ఎన్నో ఏట నడక ఆగింది, స్టెరాయిడ్ వాడుతున్నాడా, గుండె ఎలా ఉంది వంటివే. మందుల కంపెనీకి అందేది ఎంతమంది ఉన్నారన్న లెక్క. కొత్త మందు ప్రయోగం (ట్రయల్) కబురు రిజిస్ట్రీయే కుటుంబానికి చెబుతుంది. చేరడం, మానడం వాళ్లిష్టం. 2007లో యూరప్‌లో మొదలైన ట్రీట్-ఎన్ఎండీ అనే నెట్‌వర్క్ దేశదేశాల రిజిస్ట్రీలను ఒకే రకం ప్రశ్నలతో కలిపింది.

ఈ లెక్క ఎందుకంటారా? జన్యువులో ఎక్సాన్ 51 అనే భాగాన్ని దాటవేసే మందు పనికొచ్చేది డుషేన్ పిల్లల్లో సుమారు 13 శాతానికే. వాళ్లెక్కడున్నారో తెలియకపోతే ట్రయల్ మన దాకా ఎందుకొస్తుంది? మనది మూడు రాష్ట్రాలు కలిసే మూల. ఒకరి ఫైలు బెంగళూరులో, ఇంకొకరిది వేలూరు సీఎంసీలో, మరొకరిది కుప్పంలో ఉండొచ్చు. ఆసుపత్రులు వివరాలు పంచుకోకపోతే ఒక పిల్లవాడు రెండుసార్లు లెక్కకెక్కుతాడు, మరొకడు అసలు ఎక్కడు.

ఇక ఆడపిల్ల. ఈ లోపం ఎక్స్ క్రోమోజోమ్‌లో ఉంటుంది. సుమారు మూడింట రెండు కుటుంబాల్లో తల్లే ఆ లోపాన్ని మోసే వాహకురాలు, మిగతావాటిలో లోపం కొత్తగా పుడుతుంది. తల్లి వాహకురాలైతే కూతురికీ సగం అవకాశం ఉంది. అన్న జన్యు రిపోర్టు చేతిలో ఉంటే చెల్లెలికి పరీక్ష తేలిక. వాహకురాలని తేలితే గుండె పరీక్షలు చేయించుకుంటుంది, గర్భం దాల్చేముందు సలహా తీసుకుంటుంది. దాచిపెడితే రేపు తన కొడుకు పడిపోతున్నప్పుడు తెలుసుకుంటుంది. ఎవర్ని కాపాడుతున్నామని ఈ దాపరికం?

ఆ భయంలో ఒక్క ముక్క మాత్రం నిజమని ఒప్పుకోక తప్పదు. అరుదైన జబ్బు, చిన్న ఊరు, పుట్టినతేదీ కలిస్తే పేరు లేకున్నా మనిషిని గుర్తుపట్టవచ్చు. అందుకే రిజిస్ట్రీలు ఊరిపేరు బదులు జిల్లా, పుట్టినతేదీ బదులు సంవత్సరం మాత్రమే బయటికివ్వాలి. అలా చేయకపోతే అడగండి.

ఇంకొన్ని పుకార్లూ ఉన్నాయి. రిజిస్ట్రీలో చేరితే ప్రభుత్వం 50 లక్షలిస్తుందన్నది అబద్ధం. అరుదైన జబ్బుల 2021 జాతీయ విధానం కింద సాయానికి దారి వేరే, దాన్ని ఎక్సలెన్స్ కేంద్రాలు చూస్తాయి. మేనరికం వల్లే డుషేన్ వస్తుందన్నదీ తప్పే. ఎస్ఎంఏ (వెన్నెముక సంబంధ కండరాల క్షీణత) లాంటి జబ్బులకు మేనరికం ముప్పు పెంచుతుంది, దీనికి కాదు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ పిల్లవాడి రక్తంలో పెరిగితే కాలేయం జబ్బేనని మందులు మింగించకండి, ముందు కండరాల ఎంజైము సీకే పరీక్ష చేయించండి.

అంగీకార పత్రం తెలుగులో చదివి వినిపించమనండి, ఒక ప్రతి దగ్గర ఉంచుకోండి. వివరాలు ఎవరికి ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. ఎప్పుడైనా తప్పుకునే హక్కుందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. జన్యు రిపోర్టు నకళ్లు రెండు తీయించండి. నడక ఆగినా, మందు మారినా రిజిస్ట్రీకి చెప్పండి.