విప్పకుండానే గేర్‌బాక్స్ సంగతి తెలిసేదెలా?

"నాన్న పాత కారు కొందామంటున్నారు. ఇంజన్ అయితే బానెట్ ఎత్తి చూడొచ్చు. గేర్‌బాక్స్ బాగుందో లేదో విప్పకుండా ఎలా తెలుస్తుంది?" అని ఒక తొమ్మిదో తరగతి విద్యార్థి ప్రశ్న.

అడగాల్సిన ప్రశ్నే ఇది. పాత కారు కొనేవాళ్లు పెయింటు, టైర్లు, ఏసీ అన్నీ చూసుకుని, గేర్‌బాక్స్ దగ్గరికొచ్చేసరికి అమ్మేవారి మాట నమ్మి ఊరుకుంటారు. కానీ ఏ భాగం ఎప్పుడు తిరుగుతుందో తెలిస్తే చాలు, దాని బాగోగులు చెవికీ కాలికీ ముక్కుకీ అందుతాయి.

గేర్ల సైకిల్ మీద ఎత్తు ఎక్కేటప్పుడు గొలుసును వెనక పెద్ద పళ్ల చక్రం మీదికి మారుస్తావు. తొక్కడం తేలికవుతుంది, సైకిల్ మాత్రం నెమ్మదిస్తుంది. కారులో ఆ పని గేర్‌బాక్స్‌ది: కదిలేటప్పుడు చక్రాలకు బలం, కదిలాక వేగం ఇస్తుంది. గేరు మార్చేటప్పుడు ఇంజన్‌కూ దానికీ మధ్య లంకె విడదీసి మళ్లీ కలిపేది క్లచ్.

ముందు అది ఏ రకమో చూడాలి. మూడు పెడళ్లుంటే మాన్యువల్. రెండే ఉంటే గేర్ లివర్ పక్కనున్న అక్షరాలు చూడు. 'పి' లేకుండా ఆర్, ఎన్, డి, ఎం మాత్రమే ఉంటే అది సాధారణంగా ఏఎంటీ. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో వాడుకలోకి వచ్చిన రకం ఇది. లోపల ఉన్నవి మాన్యువల్ గేర్లూ క్లచ్చే. నొక్కడం, మార్చడం మాత్రం యంత్రం చేసుకుంటుంది. 'పి' కూడా ఉంటే టార్క్ కన్వర్టర్, సీవీటీ, డీసీటీ అనే ఆటోమేటిక్ రకాల్లో ఒకటై ఉంటుంది.

మాన్యువల్ కారయితే నాన్నగారిని ఇంజన్ స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో ఉంచి, క్లచ్ మీంచి కాలు తీసి వినమను. గుర్రుమనే చప్పుడు వస్తోందా? ఇప్పుడు క్లచ్ నొక్కితే ఆ చప్పుడు ఆగిపోయిందా? కాలు తీసినప్పుడు క్లచ్ కలిసే ఉంటుంది కనుక, న్యూట్రల్‌లో ఉన్నా గేర్‌బాక్స్‌లోని మొదటి షాఫ్ట్ ఇంజన్‌తోపాటు తిరుగుతూనే ఉంటుంది. క్లచ్ నొక్కగానే అది ఆగుతుంది. దాంతోపాటు చప్పుడూ ఆగిందంటే చాలావరకు ఆ షాఫ్ట్ బేరింగ్ అరిగినట్టే. అందుకు భిన్నంగా, క్లచ్ నొక్కినప్పుడే చప్పుడు మొదలైతే అనుమానం క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ మీదికి పోతుంది. దాని మీద బరువు పడేది అప్పుడే కదా! ఒక్క పెడల్ నొక్కి వదిలితే రెండు జబ్బుల తేడా తెలిసిపోతుంది. నాకు అన్నిటికంటే నచ్చిన పరీక్ష ఇదే.

తర్వాత ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాలి. ఇంజన్ చప్పుడు పెరిగినా ఆ మేరకు వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్ పట్టు తప్పి జారుతోందన్నమాట. మూడు నుంచి రెండుకి దించేటప్పుడు గరగరమంటే, పళ్లు కలవకముందే రెండువైపులా వేగాన్ని సమానం చేసే రింగు అరిగి ఉండొచ్చు. చాలా కార్లలో రివర్స్‌కి ఆ రింగు ఉండదు. బండి పూర్తిగా ఆగకముందే రివర్స్ వేస్తే వచ్చే గరగర వాటిలో జబ్బు కాదు.

టార్క్ కన్వర్టర్, సీవీటీ కార్లలో నూనె పని ఇంకా పెద్దది. అది పళ్లను అరగకుండా కాపాడడమే కాదు, దాని ఒత్తిడితోనే లోపలి క్లచ్‌లు బిగుసుకుంటాయి. అందుకే బ్రేక్ మీద కాలుంచి 'ఎన్' నుంచి 'డి'కి మారిస్తే వెంటనే చిన్న లాగుడు తెలియాలి. రెండు మూడు సెకన్లు ఆలస్యమైతే ఒత్తిడి సరిగా అందడం లేదని అనుమానించాలి. ఏఎంటీలో మాత్రం గేరు మారేటప్పుడు చిన్న విరామం సహజం, దానికి భయపడక్కర్లేదు.

ఇవన్నీ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట నడిపాక ఇంకోసారి చూడాలి. వేడికి నూనె పలచబడుతుంది కాబట్టి, చల్లగా ఉన్నప్పుడు దాగిన లోపం అప్పుడు బయటపడవచ్చు. ఇంజన్ చల్లగా దొరకాలంటే, మీరు వచ్చేదాకా కారు స్టార్ట్ చేయవద్దని అమ్మేవారికి ముందే చెప్పండి.

టార్క్ కన్వర్టర్ కారుకి డిప్‌స్టిక్ ఉంటే తీసి తెల్ల గుడ్డ మీద తుడవండి. కొత్త నూనె చాలావరకు ఎర్రగా ఉంటుంది. ముదురు గోధుమ రంగుకి తిరిగి మాడు వాసన వేస్తుంటే లోపలి క్లచ్‌లు కాలి ఉండొచ్చు. కొత్త కార్లు చాలావాటికి డిప్‌స్టిక్ ఉండదు. వాటిని సర్వీస్ సెంటర్‌లో లిఫ్ట్ మీద చూడాల్సిందే. అమ్మేవారు "నూనె మార్పించాం" అంటే బిల్లు చూపించమనండి. సీవీటీలో మామూలు ఆటోమేటిక్ నూనె పోస్తే దాని లోపలి బెల్టు జారి పాడవుతుంది. బిల్లు మీదున్న నూనె పేరూ కారు మాన్యువల్ పుస్తకంలో రాసిన పేరూ ఒకటేనో కాదో చూడమని నాన్నగారికి చెప్పు.