ఇంజన్ లేని లక్ష

“ఇంజన్ లేదా? బ్యాటరీ గూడ లేదా? మరి లక్ష ఎందుకు పెట్టినవ్ సారూ?”

భూపాలపల్లి దాటి కాళేశ్వరం వైపు పోయే రైడర్ చాయ్ కోసం ఎక్కడ ఆగినా ఈ ప్రశ్న ఎదురుకాక తప్పదు. అడిగేవాళ్ళు ఊరికే అడగరు. టైరును రెండు వేళ్ళతో నొక్కి, సైకిల్‌ను ఒంటి చేత్తో లేపి చూసి మరీ అడుగుతారు. చాలామంది రైడర్లు సగం ధర చెప్పి తప్పించుకుంటారు. ఇంట్లోనూ అదే లెక్క చెప్పి ఉంటారు కాబట్టి పెద్దగా తడబడరు. ప్రశ్న మాత్రం న్యాయమైనది. సమాధానం షోరూంలో కాదు, ఈ రోడ్డు మీదే వెతకాలి.

హనుమకొండ నుంచి పరకాల, రేగొండ, చెల్పూరు, భూపాలపల్లి, కాటారం, మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం దాదాపు 115 కిలోమీటర్లు. తెల్లవారకముందే బయల్దేరి, ఒకే పానవట్టం మీద వెలసిన రెండు లింగాలకు దండం పెట్టుకుని, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట కాళ్ళు తడుపుకుని, మళ్ళీ ఇల్లు చేరితే రెండొందల కిలోమీటర్లు దాటుతుంది. దూరప్రయాణాల సైక్లిస్టులు ‘బ్రెవే’ అనే పరీక్షలో తొలిమెట్టు కూడా అంతే: 200 కిలోమీటర్లు, పదమూడున్నర గంటలు. రాత్రి పూట ముందూ వెనకా లైట్లు వెలగాలి, మెరిసే జాకెట్ వేసుకోవాలి అంటాయి ఆ నిబంధనలు. సైకిల్ ఖరీదు ఊసే ఎత్తవు.

ఖరీదైన సైకిల్ గురించి మొదట చెప్పే గొప్ప దాని బరువు. కార్బన్ ఫ్రేము కాబట్టి ఏడెనిమిది కిలోలే అంటారు. ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య తన పోటీల్లో 6.8 కిలోల కంటే తేలికైన సైకిల్‌ను అసలు ఒప్పుకోదు. అంటే పందెగాళ్ళ బండికి మన బండికి తేడా గుప్పెడంతే. మరి ఆ తేలికదనం ఈ దారిలో ఏం చేస్తుంది? స్థూలంగా లెక్క వేద్దాం. డెబ్బై కిలోల మనిషి పది కిలోల సైకిల్ మీద చదునైన రోడ్డున గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే సుమారు వంద వాట్ల శక్తి కావాలి. అందులో డెబ్బై గాలిని చీల్చడానికే పోతుంది. మిగిలింది చాలామటుకు టైరు రోడ్డును రాసుకునే దగ్గర ఖర్చవుతుంది. ఇప్పుడు పది కిలోల సైకిల్ తీసేసి, దాని ధరకు రెండు మూడింతలు పోసి ఏడున్నర కిలోలది తెస్తే చదును మీద మిగిలేది ఒక వాట్ కూడా కాదు. రాత్రి వెలిగే బెడ్‌లైటు పాటి.

బరువు తగ్గిన ఫలం దక్కేది ఘాట్ రోడ్డు మీద. తిరుమల కొండో, అనంతగిరి ఘాటో గంట పాటు ఎక్కేవాడికి రెండు నిమిషాలు కలిసిరావచ్చు. కాళేశ్వరం దారిలో ఘాట్ లేదు. పోయేటప్పుడు నేల గోదావరి వైపు మెల్లగా వాలుతూ పోతుంది. వచ్చేటప్పుడు ఆ వాలే ఎదురెక్కాలి, కానీ అది కాలికి తెలిసేంత కూడా కాదు. కాలికి తెలిసేది ఎదురుగాలి, మేలో అయితే ఎండ.

గాలిని ఓడించేది కార్బన్ కాదు, వంగిన వీపు. పాత నల్ల సైకిల్ మీద నిటారుగా కూర్చుని అదే వేగం పట్టాలంటే దాదాపు ఒకటిన్నర రెట్లు తొక్కాలి. కొమ్ముల హ్యాండిల్ ఉన్న గేర్ల సైకిల్ ఏదైనా, నలభై వేలదైనా, ఈ లాభం దాదాపు పూర్తిగా ఇచ్చేస్తుంది. అందుకే ఆరు వేల సైకిల్ నుంచి నలభై, యాభై వేల సైకిల్‌కు మారడం వృథా ఖర్చు కాదంటాను. అక్కడ మారేది బతుకే. యాభై వేల నుంచి రెండు లక్షలకు ఎక్కితే మారేది గేరు పడేటప్పుడు వచ్చే చప్పుడు. ఆ చప్పుడు బాగుంటుంది, కాదనను.

ఇక రోడ్డు సంగతి. చెల్పూరు థర్మల్ కేంద్రం, సింగరేణి గనుల పుణ్యమా అని బొగ్గు లారీలు. మహదేవపూర్ వైపు గోదావరి ఇసుక లారీలు. వెనక హారన్ మోగితే తెల్లగీత దాటి అంచుకు దిగాల్సిందే. ఆ అంచున ఇసుక, కంకర పొడి, తుమ్మ ముళ్ళు. ఒకప్పుడు పందెపు సైకిళ్ళకు 23 మిల్లీమీటర్ల టైరే గొప్ప. ఇప్పుడు పందెగాళ్ళే 28కి వచ్చారు. ఈ దారికి 32 పట్టే ఫ్రేమే చూసుకోవాలి. మంచి టైర్ల జత అయిదారు వేలలో వస్తుంది. నాసిరకం టైరు తీసి అది వేస్తే పది పదిహేను వాట్లు మిగులుతాయి. పైన లక్షల కార్బన్ మిగిల్చింది ఒక్కటి కూడా కాదు. ఈ ముక్క అమ్మేవాడు చెప్పడు, టైరులో అతనికి మిగిలేది తక్కువ.

పంచరైతే అసలు కథ. మండల కేంద్రంలో పంచరు షాపు కాకకు రాని పని లేదు. లారీ టైరు నుంచి చేతిబండి చక్రం దాకా అన్నీ చూస్తాడు. ఈ సైకిల్ వాల్వ్ చూడగానే ఆగిపోతాడు. సన్నగా పొడుగ్గా, కొసన చిన్న మర ఉంటుంది. ఆ మర విప్పితే తప్ప గాలి లోపలికి పోదు. అతని పైపు దానికి పట్టదు. చిటికెన వేలి గోరంత ఇత్తడి అడాప్టర్ వెంట ఉంటే క్షణంలో పని అయిపోతుంది. లేకపోతే సైకిల్ నడిపించుకుంటూ బస్టాండ్‌కు. కొత్త ట్యూబు అడిగినా లాభం లేదు. మన పెద్ద సైకిల్ రిమ్ము 635 మిల్లీమీటర్లు, దీనిది 622. పైగా ఆ లావు ట్యూబు ఈ సన్న టైరులో ఇమడదు. ధర పెరిగేకొద్దీ ఈ చిక్కు ముదురుతుంది: కరెంటుతో మారే గేర్లకు వాటి సొంత చార్జర్, ట్యూబులేని టైర్లకు జిగురు ద్రావణం, హైడ్రాలిక్ డిస్కు బ్రేకులకు ప్రత్యేకమైన నూనె. ఇవేవీ కాటారంలో దొరకవు. తీగతో మారే గేరు అయితే కాక పక్కడుతో ఎలాగో సర్ది పంపిస్తాడు.

ఖర్చుకూ వేగానికీ సంబంధం లేదని కాదు. 1993 జులైలో గ్రేమ్ ఓబ్రీ అనే స్కాట్లాండ్ సైక్లిస్టు స్వయంగా అతికించుకున్న సైకిల్‌తో గంటలో 51.596 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు కొట్టాడు. అందులో బట్టలుతికే మెషీన్ బేరింగులు వాడాడు. ఆరు రోజులకే క్రిస్ బోర్డ్‌మన్ ఖరీదైన కార్బన్ సైకిల్ మీద దాన్ని 52.270కి తీసుకుపోయాడు. తేడా గంటకు ఏడొందల మీటర్ల లోపు. రికార్డు కావలసినవాడికి ఆ ఏడొందల మీటర్లే సర్వస్వం. ఆదివారం కాళేశ్వరం పోయొచ్చేవాడు ఆ దూరం తొక్కేంతసేపు తాటిముంజలు కొనడానికే ఆగుతాడు.

2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. లక్ష రూపాయల బండి మీద ఆరు వేల పైచిలుకు తగ్గినట్టు. ఆ డబ్బుతో ఇంకొంచెం పై మోడల్‌కు ఎగబాకకుండా మంచి హెల్మెట్, వెనక నుంచి లారీ డ్రైవర్‌కు పగలు కూడా కనిపించే ఎర్రలైటు, రెండు స్పేర్ ట్యూబులు, చిన్న పంపు కొనుక్కోవచ్చు. కొనేముందు సైజు కొలిపించుకోవాలి. ఒంటికి సరిపోని రెండు లక్షల సైకిల్ మీద భూపాలపల్లి వచ్చేసరికే నడుం పట్టేస్తుంది.

కార్బనే కావాలని మనసు పడితే, జేబు ఒప్పుకుంటే, కొనుక్కోండి. ఇష్టానికి వాట్ల లెక్క అడిగే హక్కు ఎవరికీ లేదు. అయితే హైదరాబాద్ అపార్టుమెంట్లలో గోడకు వేలాడుతూ, నాలుగు నెలల ముచ్చట తీరి సగం ధరకు అమ్మకానికి వచ్చేవి బోలెడు. ముందు అవి చూడండి. టార్చి లైటు తీసుకుపోయి పెడల్ ఇరుసు చుట్టూ, ఫోర్క్ మొదట్లో, సీటు బిగించే చోట వెంట్రుకంత గీత ఏమైనా ఉందేమో వెతకండి. పెయింట్ గీతా, ఫ్రేము పగులా అన్న అనుమానం తీరకపోతే బేరం వదిలేసి రావడమే. స్టీలు, అల్యూమినియం వంగితే కంటికి తెలుస్తుంది. కార్బన్ లోపల పగిలినా పైకి నున్నగా ఉండొచ్చు, వెనక ఇసుక లారీ ఉన్నప్పుడు విరుగుతుంది.