బండరాళ్లను నమ్ముకున్న చిత్రకారుడు

కోచింగ్ కోసం సూర్యాపేటలో హైదరాబాద్ బస్సెక్కితే దారి పొడవునా గుట్టలు కనిపిస్తాయి. ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బండలు. మీరు ఎన్నిసార్లు చూశారో! చూసి మళ్లీ ఫోన్‌లో తలదూర్చి ఉంటారు. అలాంటి బండలనే ఏళ్ల తరబడి గీసి పేరు తెచ్చుకున్న చిత్రకారుడు ఒకరు మన పక్క జిల్లావారే. పేరు కొండపల్లి శేషగిరిరావు.

1924లో ఇప్పటి మహబూబాబాద్ జిల్లా పెనుగొండలో పుట్టారు. బొమ్మలేస్తే బువ్వ పెడుతుందా అన్న ప్రశ్న ఆ రోజుల్లో ఇంకా గట్టిగానే వినిపించేది. ఆయన ప్రతిభను గుర్తించిన మెహదీ నవాజ్ జంగ్ చేయూతనిచ్చారు. అలా హైదరాబాద్‌లో కళాశాల చదువు, ఆ తర్వాత శాంతినికేతన్ ప్రయాణం. అక్కడ గురువు నందలాల్ బోస్. చేతిలో కార్డు ముక్క ఉంటే చాలు, ఎదుట కనిపించిన చెట్టునో పశువునో గీసేసే మనిషి ఆయన. ఆరుబయట కూర్చుని ప్రకృతిని చూస్తూ నేర్చుకోవడమే అక్కడి చదువు.

తిరిగొచ్చిన శేషగిరిరావు హిమాలయాల కోసం వెతకలేదు. హైదరాబాద్ బండల ముందు కూర్చున్నారు. ఈ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఎండకు, వానకు అరిగి అరిగి ఈ ఆకారాలకు వచ్చింది. ఇళ్లు కట్టేవాళ్లకు అది కొట్టిపారేయాల్సిన అడ్డం, ఈయనకేమో జీవితకాలపు సబ్జెక్టు. పురాణ పాత్రలూ వేశారు, అందరికీ తెలిసిన తెలుగుతల్లి చిత్రమూ ఆయనదే. అయినా నాకు మాత్రం ఆ రాళ్లే ఎక్కువ ఇష్టం. ఆ తర్వాత నగరంలో చాలా గుట్టలు కాలనీలైపోయాయి. మిగిలినవాటిని కాపాడాలని 1996లో ఒక సొసైటీయే పుట్టింది. 2012లో ఆయన కన్నుమూశారు.

మరి బతుకుదెరువు? ఇక్కడే మీకు పనికొచ్చే సంగతి ఉంది. ఆయన బొమ్మలు అమ్ముకునే బతకాలని కూర్చోలేదు. ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పారు. ఇల్లు జీతం మీద నడిచింది, కుంచె తన దారిన తాను నడిచింది.

1940లో మొదలైన ఆ కాలేజీయే ఇప్పుడు మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో భాగం. ఇంటర్ పాసైనవాళ్లు ఎంట్రన్స్ రాసి నాలుగేళ్ల బీఎఫ్ఏలో చేరొచ్చు. డిగ్రీలో ఉన్నవాళ్లకు మాత్రం ఉన్నమాట చెప్పాలి. ఎంఎఫ్ఏకు చాలాచోట్ల బీఎఫ్ఏ అడుగుతారు, అంటే మళ్లీ మొదటికి రావాల్సిందే. అంత ఓపిక లేకపోతే ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలున్నాయి. బడుల్లో డ్రాయింగ్ టీచర్ కావాలనుకునేవాళ్లు వాటితోనే మొదలుపెడతారు. యానిమేషన్, గేమింగ్ స్టూడియోల్లో బ్యాక్‌గ్రౌండ్ వేసే పని కూడా అచ్చంగా ప్రకృతి చిత్రణే. సర్టిఫికెట్ కంటే ముందు అక్కడ మీ బొమ్మలు చూపించమంటారు.

ఆ బొమ్మలకు హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. మిర్యాలగూడవాళ్లకు సాగర్ ఎడమ కాల్వ ఉంది, కోదాడవాళ్లకు పొలాలున్నాయి, సూర్యాపేటవాళ్లకు పిల్లలమర్రి గుళ్లు, ఫణిగిరి గుట్ట ఉన్నాయి. ఒకే చోటును పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గీయండి. మొదటి పదీ బాగా రావు, రాకపోనీ. చింపకుండా వెనక తేదీ వేసి దాచండి.