రెండు ఇండ్ల మధ్య బిడ్డ

ఈ వారము మన సంఘములలో బయటికి అడుగుటకు సిగ్గుపడే సంగతి మాట్లాడుకుందాము. విడాకులు అయిపోయినవి. తల్లికీ ఉద్యోగమున్నది, తండ్రికీ ఉద్యోగమున్నది. బిడ్డ ఇద్దరికీ కావాలి. ఎలాగు?

మన వడమాలపేటలోనే ఒక కుటుంబమును ఊహించుకొనండి. తల్లి తిరుపతిలో నర్సు. ఒక వారము పగటి డ్యూటీ, మరొక వారము రాత్రి డ్యూటీ. తండ్రికి చెన్నైలో కంపెనీ పని, సెలవు ఆదివారమొక్కటే. బిడ్డ ఇక్కడ అమ్మమ్మ దగ్గరుండి బడికి పోవుచున్నాడు. నెలలో రెండవ, నాలుగవ ఆదివారములు తండ్రి దగ్గర అని వ్రాసుకొన్నారు. అయితే తండ్రి తెల్లవారి బయలుదేరి పుత్తూరు దాటి వచ్చేసరికి బిడ్డ సండే స్కూలులో ఉంటాడు. తల్లికి ఆ నెలలో దొరికిన ఒక్క ఆదివారపు సెలవు కూడ అదే! గొడవ మొదలైంది. ప్రేమ లేక కాదండి, డ్యూటీ చార్టు ముందుగా ఒకరికొకరు చూపించుకోలేదు గనుక.

చట్టము సంగతి కొంచెము చెప్పుకుందాము. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టము వర్తిస్తుంది. బిడ్డల కస్టడీ, పోషణ, చదువు విషయమై కోర్టు దాని 43వ సెక్షను క్రింద ఆజ్ఞ ఇవ్వగలదు. కేసు నడుచుచుండగా పోషణకు, చదువుకు వేసిన దరఖాస్తును నోటీసు అందిన 60 దినములలో, సాధ్యమైనంతవరకు, తేల్చాలని 2001 సవరణలో చేర్చారు. ఉమ్మడి కస్టడీకి చోటివ్వాలని లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో సిఫారసు చేసింది. అన్నిటికంటె పనికివచ్చే మాట 2020 జనవరిలో సుప్రీంకోర్టు యశితా సాహు కేసులో చెప్పింది. బిడ్డ దగ్గర లేని తల్లి గాని తండ్రి గాని, ప్రత్యేక కారణము లేనియెడల, ప్రతిదినము 5 నుండి 10 నిమిషములు బిడ్డతో మాట్లాడే హక్కు కలిగియుండాలి. వీడియో కాల్ కూడ మంచిదే అన్నది. పని ఒత్తిడిలో ఉన్నవారికి ఇది వరము. రాత్రి డ్యూటీకి పోవుటకు ముందు పది నిమిషములు దొరకవా?

హన్నాను జ్ఞాపకము చేసుకొనండి. ఆమెది విడాకుల సంగతి కాదు, మ్రొక్కుబడి. అయినను సమూయేలు ఆమె ఇంటిలో లేడు. ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయేది. ఎదిగే బిడ్డకు పాత కొలత సరిపోదు కదా! మీ బిడ్డ చెప్పుల సైజు మీకు తెలుసా? లెక్కలలో ఏ పాఠము దగ్గర ఆగిపోయాడో తెలుసా?

కాబట్టి వచ్చే నెల డ్యూటీ చార్టు చేతికి రాగానే రెండవ వారికి పంపండి. షిఫ్టు మారితే ఆ దినముననే చెప్పి, బదులు తేదీ కూడ మీరే చెప్పండి. ఫీజు మాటలు బిడ్డచేత పంపకండి. ఏర్పాటు కుదరకపోతే మార్చమని కోర్టును అడగవచ్చు. కొట్టుట, బెదిరించుట జరిగిన ఇంటికి మాత్రము ఈ సలహా చాలదు. అక్కడ మొదట వకీలును కలిసి, మూడవ వ్యక్తి సమక్షములోనే బిడ్డను చూపే ఆజ్ఞ అడగాలి.

సంఘ పెద్దలారా, గుడి గుమ్మములో బిడ్డను నిలిపి "ఈ వారము ఎవరి దగ్గరరా?" అని అడగకండి. సండే స్కూలు టీచరుగారు క్రిస్మస్ కార్యక్రమపు తేదీని రెండు చీటీల మీద వ్రాసి, నెల ముందుగానే ఇద్దరికీ పంపండి. సెలవు పెట్టుకొనుటకు వారికి వ్యవధి కావాలి.