షియర్‌లింగ్ కోటు కొంటున్నారా? ఉన్ని కుదుళ్లు చూడండి!

ఎమ్మెస్ కోసం ఫ్లైట్ ఎక్కేముందు దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ షాపుల్లో వింటర్ కోటు వెతుకుతున్నారా? షియర్‌లింగ్ అంటే ఉన్నితో సహా శుద్ధి చేసిన గొర్రె తోలు. తోలు, ఉన్ని రెండూ ఒకటే ముక్క. కొనేముందు ఉన్నిని వేళ్లతో విడదీయండి. కుదుళ్లు తోలులోంచే వస్తే ఒరిజినల్. అడుగున బట్ట అల్లిక కనిపిస్తే డూప్లికేట్. బడ్జెట్ తక్కువైతే అదే కొనండి, తప్పేం లేదు. తోలు రేటు మాత్రం ఇవ్వకండి!

ఒరిజినల్ అయితే వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు, తోలు బిగుసుకుపోతుంది. మంచులో తడిస్తే వెడల్పాటి హ్యాంగర్‌కి తగిలించి గాలికి ఆరనివ్వండి. హీటర్ దగ్గర పెట్టొద్దు. సెలవులకి ఇంటికి తెచ్చారా? మన వానాకాలం తేమకి ప్లాస్టిక్ కవర్లో బూజు పడుతుంది. పాత కాటన్ దుప్పటి కప్పి, అప్పుడప్పుడూ గాలి తగలనిస్తే చాలు.