పిల్లల దండుతో విమానమెక్కితే...

వేసవి సెలవులొచ్చాయి. అన్నదమ్ములిద్దరూ కుటుంబాలతో కలిసి సింగపూర్ వెళ్దామనుకున్నారు. నలుగురు పెద్దలు, అయిదుగురు పిల్లలు. పాలు తాగే పాపాయి నుంచి పదో తరగతి అబ్బాయి దాకా... ఇల్లంతా ఒకటే సందడి. తీరా టికెట్లు కొందామని పాస్‌పోర్టులు బయటికి తీస్తే, రెండో తరగతి చదివే పాప పాస్‌పోర్టు గడువు ఇంకా మూడు నెలలే ఉంది. అంతే, అందరి ముఖాలూ వాడిపోయాయి!

చాలా ఇళ్లలో జరిగేదే ఇది. పెద్దల పాస్‌పోర్టు పదేళ్లు పనిచేస్తుంది కాబట్టి పిల్లలదీ అంతేననుకుంటారు. మామూలుగా పిల్లలకిచ్చేది అయిదేళ్లకే. సింగపూర్ వెళ్లాలంటే కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలి. చంటిపిల్లలకైనా విడిగా పాస్‌పోర్టు ఉండాల్సిందే. దరఖాస్తుకి తల్లిదండ్రులిద్దరి సమ్మతి కావాలి. అందుకే టికెట్ల కన్నా ముందు చూసుకోవాల్సింది పిల్లల పాస్‌పోర్టులనే.

సీట్లు చెల్లాచెదురైతే...

అందరి టికెట్లూ ఒకే పీఎన్ఆర్‌ మీద తీసుకుని, సీట్లు ముందే ఎంచుకోవాలి. లేదంటే నాలుగేళ్ల బాబు ఒకచోట, అమ్మ మరోచోట కూర్చోవాల్సి రావచ్చు. రెండేళ్లలోపు పాపాయికి టికెట్ ధర బాగా తక్కువ. అయితే ఒళ్లోనే కూర్చోబెట్టుకోవాలి. ఉయ్యాల లాంటి బాసినెట్ కావాలంటే విమాన సంస్థకు ముందే చెప్పాలి.

హైదరాబాద్ నుంచి ప్రయాణం నాలుగైదు గంటలే. విమానం కిందికి దిగేటప్పుడు మాత్రం చెవులు దిబ్బడేసి పసివాళ్లు గుక్కపట్టి ఏడుస్తారు. ఆ సమయంలో పాలు పట్టినా, కాస్త పెద్దవాళ్లకు చప్పరించే బిళ్లలిచ్చినా ఉపశమనం. చూయింగ్ గమ్ మాత్రం వద్దు... సింగపూర్‌లో 1992 నుంచీ దానిమీద నిషేధం ఉంది!

అమ్మమ్మ ఇచ్చిన మసాలా పొడి కూడా ఓసారి చూసుకోండి. అందులో గసగసాలుంటే ఇంట్లోనే వదిలేయాలి. మనకు అవి కూరలో రుచికోసం వేసే దినుసు. సింగపూర్, దుబాయ్‌లలో మాత్రం మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి వస్తాయి.

ఎవరి బాధ్యత ఎవరిది?

అయిదుగురు పిల్లలున్నప్పుడు అసలు భయం తప్పిపోవడం గురించే. నలుగురు పెద్దలున్నారు కదా అనుకుంటే అక్కడే పొరపాటు జరుగుతుంది. బాబు పిన్ని దగ్గరున్నాడని అమ్మ, అమ్మ దగ్గరున్నాడని పిన్ని... మధ్యలో బాబు జూలో కోతుల ముందు! అందుకే ఏ పిల్లల్ని ఎవరు చూడాలో పొద్దున్నే పేరు పేరునా పంచుకోవాలి. గది దాటేముందు పిల్లలందరికీ ఓ ఫొటో తీసుకుంటే ఏ రంగు బట్టలేసుకున్నారో వెతుక్కునే పని ఉండదు. జేబులో హోటల్ పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టాలి.

అక్కడి మెట్రో రైలు ఎక్కేముందు ఒక ఒప్పందం చేసుకోవాలి. కొందరు ఎక్కాక తలుపులు మూసుకుంటే... ఎక్కినవాళ్లు తర్వాతి స్టేషన్‌లో దిగి అక్కడే నిలబడాలి. మిగిలినవాళ్లు తర్వాతి రైల్లో అక్కడికే రావాలి. ఇది పిల్లలతో రెండుమూడుసార్లు చెప్పించాలి. రైల్లో తినడం, తాగడం నిషిద్ధం, జరిమానా 500 సింగపూర్ డాలర్ల దాకా ఉంటుందని కూడా! అత్యవసరమైతే పోలీసులకు 999, అంబులెన్సుకు 995.

తక్కువ చూస్తేనే ఎక్కువ

డబ్బు పెట్టాం కదా అని రోజుకి నాలుగు చోట్లకు పరుగెత్తితే మూడోరోజుకి ఎవరో ఒకరికి జ్వరమొస్తుంది. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. పొద్దున్న పిల్లలు లేవకపోతే అది బద్ధకం కాదు. రోజుకి ఒక్క పెద్ద కార్యక్రమం చాలు. ఉదయం జూకి వెళ్తే మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం లిటిల్ ఇండియాలో ఇడ్లీ, పెరుగన్నం. ఓ పూట హోటల్ ఈతకొలనుకే వదిలేయాలి.

తిరిగొచ్చాక తాతయ్య ‘ఏం చూశావురా?’ అనడిగితే ఆకాశహర్మ్యాల గురించి చెబుతాడనుకుంటారు పెద్దలు. వాడు మాత్రం ‘బాబాయి నీళ్లలో జారిపడ్డాడు తాతయ్యా!’ అని పగలబడి నవ్వుతాడు. అన్ని వేలు పోసి తెచ్చుకున్నది ఆ నవ్వే మరి!