దీవికి సెలవు తెచ్చిన పందెం

పిల్లలూ, పండుగలకు బడికి సెలవు ఇస్తారు. జాతీయ నాయకుల జయంతులకు ఇస్తారు. పెద్ద వాన పడితే ఒక్కొక్కసారి ఇస్తారు. కాని ఒక యువతి పందెం గెలిచినందుకు ఒక దీవి అంతటికీ సెలవు ఇచ్చారంటే నమ్ముతారా? 2021 అక్టోబరు 18న బెర్ముడాలో ఆ పని జరిగింది. ఆ సెలవుకు ‘ఫ్లోరా డఫీ దినం’ అని పేరు.

బెర్ముడా అట్లాంటిక్ మహాసముద్రంలో, అమెరికాకు తూర్పున, బ్రిటిష్ ఏలుబడిలో ఉన్నది. అక్కడి దీవులన్నీ కలిపినా సుమారు 53 చదరపు కిలోమీటర్లే. జనాభా 60 వేల పైచిలుకు. మన దేశంలో అయితే దానిని చిన్న పట్టణం అంటాము. వారికి అంతకుముందు ఒలింపిక్ పతకం ఒకే ఒకటి వచ్చింది. 1976లో క్లారెన్స్ హిల్ బాక్సింగులో కాంస్యం తెచ్చాడు.

ఫ్లోరా 1987లో ఈ దీవిలోనే పుట్టింది. ఏడేళ్లకే ట్రయథ్లాన్ పందేలు మొదలుపెట్టింది. ఈ పందెంలో మొదట ఈదాలి, తరువాత సైకిలు తొక్కాలి, చివరకు పరుగెత్తాలి. ఒలింపిక్స్‌లో ఈత 1500 మీటర్లు, సైకిలు 40 కిలోమీటర్లు, పరుగు 10 కిలోమీటర్లు. నడుమ విశ్రాంతి లేదు. హెల్మెట్ పెట్టుకునేటప్పుడూ, బూట్లు తొడుక్కునేటప్పుడూ గడియారం ఆగదు. బూట్లు దొరక్క బడికి ఆలస్యంగా పోయి చీవాట్లు తిన్నవారికి ఈ కష్టం వేరే చెప్పనక్కరలేదు! సైకిలు దిగిన కాళ్లు కాసేపు మన మాట వినవు కూడాను.

2008లో, ఇరవయ్యేళ్ల వయసులో, ఆమె బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. పందెం పూర్తి చెయ్యలేకపోయింది. ఆ తరువాత పందేలు మానేసి, అమెరికాలో కొలరాడోలో కాలేజీ చదువుకు పోయింది. ఇక ఆమె సంగతి అంతే అనుకోవలసిందే. అయితే కొంతకాలానికి మళ్లీ సైకిలెక్కింది. 2012లో లండన్‌లో సైకిలు మీదినుంచి పడింది. అయినా లేచి పూర్తి చేసి 45వ స్థానంలో వచ్చింది. 2016లో రియోలో ఎనిమిదవది. అదే ఏడాది ప్రపంచ విజేత అయింది, మరుసటి ఏడూ అయింది. అంతలో 2018లో పాదానికి దెబ్బ తగిలి చాలాకాలం పందేలకు దూరమైంది.

2021 జూలై 27. టోక్యోలో తెల్లవారి వాన. పందెం పావుగంట ఆలస్యంగా మొదలైంది. ఈతలోనూ సైకిలులోనూ ముందు గుంపును వదలని ఫ్లోరా, పరుగు వచ్చేసరికి అందరినీ వెనక వదిలి ఒంటరిగా సాగిపోయింది. 1 గంట 55 నిమిషాల 36 సెకండ్లలో గమ్యం చేరింది. రెండవదిగా వచ్చిన బ్రిటన్ యువతి జార్జియా టేలర్-బ్రౌన్ ఇంకా 1 నిమిషం 14 సెకండ్ల దూరంలో ఉన్నది. వేసవి ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జట్లలో ఇంత తక్కువ జనాభా గలది మరొకటి లేదు.

బెర్ముడావారు సెలవు ఇచ్చి ఊరుకోలేదు. తమ పెద్ద క్రీడామైదానానికి ఆమె పేరు పెట్టారు. ఆమెకు ‘డేమ్’ అనే బ్రిటిష్ బిరుదు కూడా వచ్చింది. 2022 నవంబరులో ప్రపంచపోటీ ఒకటి బెర్ముడాలోనే జరిగింది. చిన్నప్పటినుంచీ ఎరిగిన దారులు, రోడ్డు పక్క తనవాళ్లు. ఆ పందెమూ ఫ్లోరాయే గెలిచింది.